కొత్త గొట్టంలో నలుపు

మొన్న తమ్ముడు కొత్త గొట్టం వేయించి తెచ్చిన రైఫిల్‌ను, శాంతిపురం టమోటా తోట గట్టున కూర్చుని అన్న తన ఒళ్లో పెట్టుకున్నాడు. కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి గొట్టంలో దూర్చి లాగాడు. గుడ్డ నల్లగా వచ్చింది.

“కొత్త గొట్టంలో ఒక్కో గుండు కాల్సి, ఒక్కోసారి తుడవాలప్పా. మొదటిది ఈ పొద్దు ఇద్దరం కాలుద్దామనుకుంటిమి. నువ్వు ముందే కాల్సినావా?”

“లేదన్నా. నూనె మరకేమో.”

“నూనెకు తుపాకిమందు వాసన యాల వస్తాది? పైన మెరిపించి, లోపల తుడిసేది మర్సిపోయినావు.”



“సెట్ల మాటున పంది అనుకుంటినన్నా.”

అన్న ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టాడు.

“నిన్న నా కుక్కను పూడ్సేటప్పుడు, దాన్ని కాల్సినోని చేతులు పడిపోవాలని తిడితిని. నువ్వు గుంత తవ్వుతా, ‘అవునన్నా’ అంటివి.”