రాతి కింద పాట

ఆ సంచీ కింద పెట్టి ముందు కూర్చోవే, మనవరాలా. ఇంత ఎండలో బడి నుంచి నడిచొచ్చావా? ఏంటీ, శాంతి దినానికి పిల్లల చేత పెర్పెతువా పిన్ని పాట పాడిస్తావా? బాగుంది. టీచరుద్యోగం వచ్చి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే రేవులో పాతిన రాయి పీకేస్తానంటున్నావు. నవ్వట్లేదమ్మా, నడుం పట్టేసింది, అందుకే మొహం ఇలా ఉంది. ఆ పాట లేదు. ఉంది గానీ లేదు. ఎలా చెప్పాలి నీకు...

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. మనిషి నా భుజం దాకా ఉండేది, గొంతు మాత్రం ఏటి అవతలికి వినపడేది. ఎవరైనా పోతే ఆడవాళ్ళు కూర్చుని వాళ్ళ బతుకంతా పాట కట్టి ఏడుస్తారు కదా, దానికి నాలుగూళ్ళ వాళ్ళు పిన్నినే పిలిచేవాళ్ళు. "పెర్పెతువా రాకపోతే శవం లేవదు" అనేవాళ్ళు. మన బూగెన్‌విల్ దీవంతా తగలబడిన రోజులవి. ఓడలు రావు, మందుల్లేవు, ఉప్పు కోసం సముద్రం నీళ్ళు మరిగించుకున్నాం. నీకేం తెలుసులే, అప్పటికి మీ అమ్మకే పెళ్ళి కాలేదు. ఎవరితోనో మొదలైన గొడవ వచ్చి వచ్చి మనకీ ఏటి అవతలి ఊరికీ మధ్య పడింది. ఎందుకని అడక్కు, తలుచుకునే ఓపిక లేదు. మనవాళ్ళు పదకొండు మంది పోయారు, వాళ్ళు తొమ్మిది మంది. మనవాళ్ళలో మా అన్నొకడు. నేనూ నీళ్ళ గొట్టంతో చేసిన తుపాకీ పట్టుకు తిరిగాను. చేయకూడనిది చేశాను. అదీ ఆ రాతి కిందే ఉంది, వదిలెయ్.

అన్న పోయాక ఓ ఆదివారం, ప్రార్థన అయ్యాక, పిన్ని ఏటి ఒడ్డున నిలబడి పాట ఎత్తుకుంది. మా అన్న కోసం ఏడిచింది, మనవాళ్ళందరి కోసం ఏడిచింది. సరే. తర్వాత ఊపిరి తీసుకుని ఏటి అవతల పోయినవాళ్ళ పేర్లు మొదలెట్టింది! ఎవరి చావుకి వాళ్ళే ఏడవాలి, అది కదా మన పద్ధతి? "మీ పిన్నికి మతి పోయిందిరా" అని ఊరంతా నా మీద పడింది. నాకు ఒళ్ళు మండి మట్టిబెడ్డ తీసి విసిరాను. వీపున తగిలింది. ఆవిడ వెనక్కి తిరిగి, "ఏరా, వాళ్ళమ్మలది కడుపుకోత కాదా?" అంది, అంతే. మళ్ళీ పాటలోకి వెళ్ళిపోయింది.

పేర్లయితే తెలుసు, మనుషులు తెలీదు కదా. అందుకని ఒక్కో పేరు దగ్గర ఆగి అవతలికి కేకేసేది. "ఒసేయ్ అమ్మల్లారా, వీడికేం ఇష్టమో చెప్పండే, లేకపోతే పాట కుంటుతుంది!" మూడు ఆదివారాలు ఎవరూ పలకలేదు. నాలుగోసారి వానలో ఒక ముసలమ్మ, అరిటాకు నెత్తిన పెట్టుకుని, అవతలొడ్డుకి వచ్చి, "మావాడికి వెదురు పిల్లనగ్రోవి పిచ్చి, నిద్రలో కూడా వేళ్ళు ఆడించేవాడు" అంది. పిన్ని దాన్ని అక్కడికక్కడే పాటలో కట్టింది. ఆ తర్వాత వాళ్ళూ మనవాళ్ళ గురించి అడగడం మొదలెట్టారు. రెండు ఒడ్ల మీదా తుపాకులతో మేం నిలబడే ఉన్నాం. అమ్మలు అలా ఏడుస్తుంటే ఎవడి మీద గురి పెడతావు చెప్పు? ఏడాదిన్నర పాడింది. గొంతులో నెత్తురు పడినా పాడింది. ఇరవై మందినీ బడి నోటుపుస్తకంలో రాసుకుంది. మా అన్నకిష్టమని ఏం రాసిందంటే, నిప్పుల మీద కాల్చిన ఏటి రొయ్యలు... ఛ, చూశావా, నోరు జారింది. నువ్వు వినలేదు, అర్థమైందా?

చివరికి రెండూళ్ళూ దిగొచ్చాయి. రాజీ అంటే రేవు దగ్గర గొయ్యి తవ్వి, బాణాలు విరిచి వేసి, రాయి నాటి, ఒకే గెల వక్క అందరం కలిసి నమలాలి. నమిలాక పోయినవాళ్ళ పేరెత్తకూడదు. ఎత్తితే మళ్ళీ మొదటికొస్తుంది. వక్కలు పంచుతుండగా అవతలి ఊరి పెద్ద మెల్లగా, "మరి ఆ పాట?" అన్నాడు. ఒక్కరికీ తోచలేదే అప్పటిదాకా! పాటంతా పేర్లే కదా. పిన్ని ఇంటికెళ్ళి నోటుపుస్తకం తెచ్చి తనే గోతిలో పెట్టింది. వక్క నోట్లో వేసుకుంది. సున్నం గౌను మీద పడింది. "ఊఁ, పూడ్చండి" అంది. పూడ్చింది నేనేనే. ఈ చేతులతోనే.

ఆ తర్వాత పద్నాలుగేళ్ళు బతికింది. సంతలో వేరుశనక్కాయలు అమ్ముకుంది. మళ్ళీ పాట కట్టలేదు. రాజధాని పోర్ట్ మోర్స్బీ నుంచి చదువుకున్నవాళ్ళు రికార్డర్లు పట్టుకుని వస్తే, "ముసల్దాన్ని బాబూ, మర్చిపోయాను" అనేది. పచ్చి అబద్ధం. వాళ్ళు పోగానే సిలువ గుర్తు వేసుకునేది. నాకు కోపమొచ్చేది, ఇప్పుడూ వస్తుంది. ఇంత చేసిన మనిషికి మిగిలిందేంటి? నీకు మా అన్న పేరు తెలుసా? తెలీదు కదా. తోడబుట్టినవాణ్ణి నేనే పాతికేళ్ళుగా ఆ పేరు పలకలేదు. అలిసిపోయానే. ఒక్కోసారి తోటలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు నాలుక దాకా వస్తుంది, మింగేస్తాను. అన్నని ఏం చేశారో, ఎవరు చేశారో, నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఆ మనిషి ప్రతి శనివారం ఏరు దాటి నా దగ్గరికే వస్తాడు. ఇద్దరం కలిసి వక్క నములుతాం. వచ్చేటప్పుడు ఆకులో పొట్లం ఒకటి కట్టి తెస్తాడు. పాతికేళ్ళలో ఒక్క శనివారం మానలేదు. ఎందుకు తెస్తున్నావని నేనడగలేదు, తను చెప్పలేదు. నాకవి ఒంటికి పడవు కూడాను, రాత్రంతా దురద. అయినా ఒక్కటి మిగల్చకుండా...

ఇదిగో, మాట్లాడకు. కాస్త జరుగు, చోటియ్యి. రా, టిమొతీ, రా. కూర్చో. ఏటిలో నీళ్ళెక్కువున్నాయా? రొయ్యలు ఇంకా వేడిగానే ఉన్నాయే! ఏం లేదు, ఈ పిల్లా నేనూ చిలగడదుంపల గురించి మాట్లాడుకుంటున్నాం.