హాజరు పలికిన కొర్రమట్టలు

లక్సెట్టిపేట బస్టాండు ముందరి వెంకటి హోటల్లో సిద్దిరాములు నోరు విప్పాడంటే చాయ్‌లు చల్లారిపోవాల్సిందే. ముప్పై ఏండ్లు ఊరి బడిలో చప్రాసీగా గంట కొట్టి నిరుడే దిగిపోయాడు. నోరు మాత్రం ఇంకా కొలువులోనే ఉంది.

"గా యాభై ఎనిమిదిల, ఏడో తరగతి అర్రల సిమెంటు తొట్టి కట్టి చేపలు పెంచినం వెంకటీ! ఆలోచన లక్ష్మీరాజం సారుది, కష్టం నాది. నీళ్లు ఎట్ల మురుగుతయి, దోమ పిల్లల్ని ఎవలు తింటరు, అంత పోరగాండ్లకు కండ్లముందట సూపెట్టుడు. గోదావరికి పోయి గుప్పెడు కొర్రమట్ట పిల్లల్ని నేనే తెచ్చిన."

"గుప్పెడేనా?" అన్నాడు వెంకటి.

"తెచ్చిననాడు గుప్పెడు. నెల తిరిగేసరికి ఒక్కొక్కటి మూరెడు! నేను గంట కొడితే పైకొచ్చేటియి. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? సారు హాజరు పిలుస్తుంటే పోరగాండ్ల కన్న ముందు అవే నోరు తెరిచి బుడుగుమని పలుకుడు. బడికి రానోని పేరు పిలిస్తే మాత్రం గమ్మునుండేటియి. దొంగ హాజరే బందయింది."

"మరి లెక్కలు రాలేదా?" పక్కబల్ల మీది మల్లన్న కన్నుగీటాడు.

"రాకేం! ఎక్కం తప్పినోని మొకాన తోకతోని నీళ్లు కొట్టేటియి. గీ ముచ్చట గోదావరి దాక పాకింది. వానకాలం ఏరు పొంగంగనే చేపలన్ని బడి గేటుకాడ లైను కట్టినయి, మా పిల్లల్ని గూడ చేర్చుకోండ్రని. జాగ లేదు పోండ్రని నేనే వాపస్ పంపిన!"

హోటలంతా నవ్వింది. మూలబల్ల మీద దేవదాస్ మాత్రం నవ్వలేదు. అప్పుడా తరగతిలో చదివి, ఇప్పుడు అదే బడికి సారుగా వచ్చినవాడు. మళ్లీ చేపలు పెంచుతానంటే హెడ్మాస్టరు పాత కాగితం తీసి చూపించాడు. లక్ష్మీరాజం సారు అజాగ్రత్త వల్ల చేపలన్నీ చచ్చాయని, ఇకమీదట బడిలో ఇలాంటివి కూడదని అందులో ఉంది.

"గవన్ని సరే కాకా, తప్పు సారుదేనని హెడ్మాస్టరు తాన ఇంకా కాయితమున్నది. తొట్టికి సున్నం ఎవరు కొట్టిండ్రు?" అన్నాడు దేవదాస్ మెల్లగా.

సిద్దిరాములు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఎవరైనా ఆ మాట అడుగుతారేమోనన్న భయంతోనే ఇన్నాళ్లూ అంత పెద్దగా మాట్లాడాడు.

"ఇన్‌స్పెక్టర్ వస్తుండని, తొట్టి జర సాఫ్ చేసిపెట్టు అన్నడు సారు. ఇన్‌స్పెక్టర్ వచ్చేటప్పుడు సాఫ్ చేసుడంటే మాకు సున్నమే గద బిడ్డా. గోడలకు కొట్టిన చేత్తోనే దానికి గూడ కొట్టిన. నీళ్లు నింపి చేపల్ని ఇడిసిన. సున్నం ఘాటుకు తెల్లారేసరికి అన్ని సచ్చి తేలినయి. సారును ఉట్నూరు అడవులకు బదిలీ చేసిండ్రు. నౌకరి పోతదని నేను నోరు తెరువలే."

"సారుకు ఎర్కే కాకా. బడి ఇడిసి పోయేనాడు మాకు చెప్పిండు. 'సిద్దిరాములును ఎవలేమనకుండ్రి, చేపలు సచ్చిన కాడికెల్లి ఆయన అన్నం ముడుతలేడు' అన్నడు."

"ఎర్కేనా? మరి నన్ను ఒక్కమాటన్న అనకపాయె!" సిద్దిరాములు కండ్లు నిండాయి. "ఇప్పుడు యాడున్నడు బిడ్డా?"

"పోయినేడు కాలం చేసిండు."

సిద్దిరాములు కండువా దులుపుకొని లేచాడు.

"పా బిడ్డా, హెడ్మాస్టరు తానికి. సారుకైతే చెప్పలేకపోతి. గా కాయితానికైన నిజం చెప్త."