గోడకంటిన సున్నం

చర్చిల్లో బొమ్మలుండకూడదని చక్రవర్తి ఆజ్ఞ. గోడ మీద గీసిన మరియమ్మ బొమ్మ మీద బిషప్పే స్వయంగా సున్నం కొట్టాడు. తనిఖీకి రాజధాని కాన్‌స్టాంటినోపుల్ నుంచి అధికారి గుమ్మందాకా వచ్చేశాడని తెలిసి, బిషప్పు తన అక్క దగ్గర గోల పెడుతున్నాడు.

"జనం ఇంకా ఆ గోడనే ముద్దెట్టుకుంటున్నారక్కా! మూతుల మీద సున్నం చూస్తే చాలు, అందరూ దొరికిపోతారు."

"అందరి మూతులూ కడిగించాన్లే. నీ సంగతేంట్రా?"

"నాకేం? పీఠం కోసం తల్లి మొహానికే సున్నం పూసిన మొనగాణ్ణి! నన్నెవడు అనుమానిస్తాడు?"

"తెల్లారకముందే వెళ్లి నువ్వూ ముద్దెట్టుకుంటున్నావుగా?"

అతను గతుక్కుమన్నాడు. "నెరిసిన గడ్డంలో సున్నం కనపడదనుకున్నానే! ఎలా కనిపెట్టావు?"

"గడ్డం నెరిసింది సరే నాయనా, ముక్కు కూడా నెరిసిందా?"