ఇద్దరికీ కలిపి ఒకే కోటు

ఆ సాయంత్రం టైలరు గొంతు మామూలు కంటే రెండింతలు పెద్దగా ఉంది. వింటున్నది చూస్తే ఇద్దరే, టీకొట్టు పెద్దమ్మ, ఉత్తరాలు పంచడం ముగించుకుని బల్ల మీద కూలబడ్డ పోస్ట్‌మ్యాన్. ఇద్దరికీ చెవులు భేషుగ్గా పనిచేస్తాయి. అంత అరుపు వాళ్ల కోసం కాదులెండి. రోడ్డుకు అవతల, గడియారాలు బాగుచేసే కొట్టులో, కంటికి భూతద్దం తగిలించుకుని తల వంచుకు కూర్చున్న మనిషి కోసం.

ఆయన టైలరుకు స్వయానా బావ, అక్క మొగుడు. ఎన్నో ఏళ్లుగా టైలరు ఈ బల్ల మీద కోతలు కోయడం, బావ పక్కన కూర్చుని "ఆగరా, అది అలా జరగలేదు" అని అడ్డుపడటం. బావకు అబద్ధం వింటే ఒళ్లు మండుతుంది. టైలరుకు బావ అడ్డుపడితే గానీ కథ రక్తి కట్టదు. బావది గొడుగు గుర్తు పార్టీ, టైలరుది తాళంచెవి గుర్తు పార్టీ, అయినా ఏనాడూ మాటా మాటా అనుకోలేదు. నాలుగు నెలల కిందట టైలరు తన ఫోనుకు వచ్చిన ఓ మెసేజ్‌ను, గొడుగు వాళ్లను తిట్టిపోసేదాన్ని, ఇంటివాళ్ల గ్రూపులో పడేశాడు. అంతే, బావ మాట్లాడటం మానేశాడు. కొట్టు గుమ్మంలో నిలబడితే షట్టరు దించేస్తున్నాడు. అక్కను అడిగితే "ఒట్టు వేయించుకున్నార్రా, ఆయన్నే అడుగు" అంటుంది. పార్టీని తిడితే మాత్రం ఇంత అలకా అని టైలరుకు లోపల ఒకటే బెంగ. ఆ బెంగ చెప్పుకునే మనిషేమో అదిగో, రోడ్డుకు అవతల.

అందుకని ఇవాళ ఆ మెసేజ్ కథే ఎత్తుకున్నాడు. ఎంత అబద్ధం ఆడితే బావ రోడ్డు దాటతాడో చూద్దామని.

"నేను చేసిందేమీ లేదు పెద్దమ్మా, వేలితో ఇలా నొక్కాను. నొక్కానో లేదో ఫోను బుస్సుమని వేడెక్కిపోయింది. ఎంత వేడనుకున్నావ్? ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి దాంతోనే నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేశాను."

"మరి చెయ్యి కాలలేదూ?" అంది పెద్దమ్మ.

"గుడ్డ చుట్టుకున్నాగా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి కోటిమంది చూశారు. ఇక చూడు, గొడుగు వాళ్లు తాళంచెవి ముట్టనన్నారు, తాళంచెవి వాళ్లు గొడుగు పట్టనన్నారు. వీళ్లు ఇళ్లు బార్లా తెరిచిపెట్టి తిరగడం, వాళ్లు వానలో నిలువునా తడిసి తుమ్మడం. పాపం దొంగలొచ్చారు. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, ఇందులో మా పనితనం ఏముందని గుమ్మంలో కూర్చుని ఏడ్చి వెళ్లిపోయారు."

"మా వీధికి రాలేదే," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"మీ వీధిలో ఏముందయ్యా ఎత్తుకుపోవడానికి?" టైలరు ఓరకంట అవతలికి చూశాడు. భూతద్దం కదల్లేదు. గొంతు ఇంకొంచెం పెంచాడు. "ఇలా కాదని రెండు పార్టీల నాయకులూ ఒకేసారి నా కొట్టుకు వచ్చారు. మిషనుకు అటు ఒకరు, ఇటు ఒకరు. అయ్యా, నువ్వు ముట్టించిన మంట నువ్వే ఆర్పాలి అని కాళ్లావేళ్లా పడ్డారు. నేనేం చేశాను? టేపు తీశాను. ఇద్దరికీ కొలతలు తీసి, ఇద్దరికీ కలిపి ఒకే కోటు కుట్టాను. కుడి చెయ్యి ఆయనది, ఎడమ చెయ్యి ఈయనది. మధ్యలో గుండీలు పెట్టేశాను. ఇప్పుడు ఆయన వీధి చివరికి పోవాలంటే ఈయనా పోవాల్సిందే. ఈయనకు దురద పుడితే ఆయనే గోకాలి!"

పెద్దమ్మ నవ్వి నవ్వి పాలు పొంగించుకుంది. అవతల బావ మాత్రం తల ఎత్తలేదు. ఇంతకంటే పెద్ద కోత టైలరు దగ్గర లేదు. చివరికి తెగించి బావ పని జోలికే వెళ్లాడు.

"ఆ కోటు చూసిన ఆశ్చర్యంలో దేశంలోని గడియారాలన్నీ ఠక్కున ఆగిపోయాయి పెద్దమ్మా! ఒక్కటీ కదలదే! పేరున్న రిపేరువాళ్లంతా చేతులెత్తేశారు. నేను వెళ్లి ఒక్కోదాన్నీ సుత్తితో బాది..."

"సుత్తితోనా?"

బావ రోడ్డు మధ్యలో ఉన్నాడు. భూతద్దం ఇంకా కంటికే ఉంది. విసవిసా వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"కోటిమందా! అది చేరింది మన గ్రూపులో పదిమందికి. అందులో తొమ్మిదిమంది తెరవనే లేదు. చివరిదాకా చదివింది నేనొక్కణ్ణే."

టైలరు గాల్లో ఊపుతున్న చెయ్యి దించేశాడు.

"కింద 'ఇంకా చదవండి' అని ఉందే, అది నొక్కావా?" అన్నాడు బావ. "నేను నొక్కాను. గొడుగు వాళ్లింటికి ఆడపిల్లనిచ్చిన వాడు చేతులారా ఆ పిల్ల గొంతు కోసినట్టే అని ఉంది. మీ నాన్న బతికి లేకపోతే, మీసాలైనా రాని వయసులో, మీ అక్క చెయ్యి నా చేతిలో పెట్టింది నువ్వేరా. నువ్వే ఆ మాట పంపావు."

"నేను చదవలేదు బావా."

"చదవకుండానే పంపావా?"

"పై నాలుగు ముక్కలు చూసి... మనవాళ్లు నవ్వుకుంటారని..."

బావ భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. కన్ను తడిసి ఉంది. "అంటే ఇన్నాళ్లూ నేను అన్నం సయించక ఏడ్చింది, ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు రాసిన మాటకా!" అన్నాడు. "మీ అక్క మొదటిరోజే అంది, అంత పొడుగు రాత చివరిదాకా చదివే ఓపిక మా తమ్ముడికి ఎక్కడిదీ అని. నేనే వినలేదు. పౌరుషానికి పోయి దాని నోరూ నొక్కేశాను," అన్నాడు.

పెద్దమ్మ పొయ్యి మంట తగ్గించి అటు తిరిగి నిలబడింది. పోస్ట్‌మ్యాన్ ఖాళీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"బావా," అన్నాడు టైలరు. అంతసేపూ వీధి అదరగొట్టిన గొంతు పీలగా వచ్చింది. "నేను పుట్టి బుద్ధెరిగి చేసిన మంచిపని ఏదైనా ఉంటే, అక్కను నీకివ్వడమే."

"ఆ మాట నాకెందుకురా," అంటూ బావ అతని చెయ్యి పట్టుకుని లేపాడు. "ఇంటికొచ్చి మీ అక్కతో చెప్పు."