జాకరమెట్ట పేరు అమ్మిన వరహాలరావు

వరహాలరావు నోరు తెరిస్తే గోరంత కొండంతవుతుందని గూడెం కొత్తవీధిలో తెలియనివాళ్లు లేరు. అయినా సంతరోజున రాజులమ్మ టీ కొట్టు ముందు బల్ల మీద ఆయన కూర్చున్నాడంటే పదిమంది చేరాల్సిందే. నర్సీపట్నం నుంచి వచ్చి ఇక్కడ జెరాక్స్ కొట్టు పెట్టి ఆరేళ్లయింది. ఆధార్ కాగితాలు నింపడం దగ్గర్నుంచి వెబ్‌సైట్లకి పేర్లు రాయించడం దాకా అన్నీ ఆయన చేతి మీదే జరగాలి.

ఆ వేళ బల్ల చివర ముత్యాలమ్మ కూర్చుంది. జాకరమెట్ట కాఫీ రైతుల సంఘానికి ఆమె పెద్ద. టీ కోసం రాలేదు. ముప్పై రెండు కుటుంబాల కాఫీ గింజలు ఊళ్లో బడి వరండాలో బస్తాల్లో పడి ఉన్నాయి. సంఘం వెబ్‌సైట్ చూసి బెంగళూరు వాళ్లు కొనేవారు. ఆ ధైర్యంతోనే ఈ ఏడాది సంతలో షావుకారికి ఒక్క గింజ పొయ్యలేదు. రెండు నెలలుగా ఒక్క ఆర్డరు లేదు. వానలు దిగితే బస్తాలు చెమ్మెక్కి బూజు పడతాయి. ఆ వెబ్‌సైట్‌కి పేరు రాయించింది వరహాలరావే. ఏమైందో అడుగుదామని తెల్లారే కొండ దిగింది.

అడగనిస్తేగా ఆ మహానుభావుడు!

“పేరు కొనడమంటే ఏటనుకుంటన్నారు, వంకాయలు ఏరుకోడమేటి?” అని అప్పటికే ఎత్తుకున్నాడు. “అనకాపల్లి బెల్లం వర్తకుడొకడు వొచ్చి, బాబూ, నా కొట్టుకో పేరు సూడమన్నాడు. పది నిమిషాల్లో రాయించీసినాను. ఊరికే కాదు, ముందు ఆ పేరు ఎవుడైనా వాడి పాడు సేసినాడేమో సూసినాను. పేర్లకీ పాత మరకలుంతాయి మరి. ఆ తర్వాత ఏటైందో తెల్సా? ఆ పేరు కోసం ముంబయి వోడు ఫోను సేసినాడు.”

“బెల్లం కోసమా, పేరు కోసమా?” అన్నాడు సోంబరు. ముసలాడు. వరహాలరావు కథకి తాళం వేసేది ఎప్పుడూ అతనే.

“పేరుకే మావా! డబ్బు ఇప్పుడే పంపుతాను, పేరు ఇచ్చీమన్నాడు. నానేమన్నా ఎర్రోడినేటి? డబ్బు మద్దిమనిషి దగ్గర పెట్టు, పేరు సేతులు మారినాకే నాకొస్తాది, అన్నీ కాయితం మీదుండాలన్నాను. అప్పుడు నానే ఆ పేరుని అమెరికాలో వేలానికెట్టీసినాను. మూడు రోజులు రెప్ప వాల్చకుండా పాట నడిపినాను. ఆ పాటకి సముద్రం అడుగునున్న ఇంటర్నెట్టు తీగలు ఏడెక్కిపోయి, భీమిలి జాలర్ల వలలో ఉడికిపోయిన సేపలు పడ్డాయంటే నమ్ముతారా?”

“ఉప్పూ కారం కూడా పడ్డాయేటి?” అంది రాజులమ్మ గ్లాసులు కడుగుతూనే.

“సముద్రంలో ఉప్పుండనే ఉందప్పా. కారమొక్కటే తక్కువైంది.”

బల్ల బల్లంతా గొల్లుమంది. ముత్యాలమ్మకి నవ్వు రాలేదు. మొన్న బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, మీ కాఫీలో చింతగింజల పొడి కలుపుతారా, సిగ్గు లేదా అని తిట్టాడు. వీళ్లు పంపనే లేదు. సంఘంలో లెక్కలు చూసే కామేష్ వెతికి చూస్తే వెబ్‌సైట్ తెరుచుకుంది. అదే కొండ, అదే ఫొటో. ఫోన్ నంబరే వీళ్లది కాదు. ఆ పేరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియకుండా దాచేశారు పిన్నీ, అన్నాడు కామేష్.

ఈ గిరిజన ఏజెన్సీలో సెంటు భూమి బయటివాళ్ల పేర రాయకూడదు. చట్టం. జాకరమెట్టలో పసిపిల్లనడిగినా చెబుతుంది. బయటి మనిషి రాజులమ్మ కొట్టున్న జాగా కూడా ఈ సోంబరు పేరనే ఉంది. అంత తెలిసినవాళ్లు, “డబ్బు కట్టే కార్డు నాది, మెయిలు నాది, వెబ్‌సైట్ నా పేర ఉంటే మీకు తిప్పలుండవప్పా” అని వరహాలరావు అంటే తలూపారు. సరే బాబూ అన్నది ముత్యాలమ్మే. పేరేమన్నా భూమా అనుకుంది.

“అక్కడితో అయిందేటి?” వరహాలరావు గొంతు పెంచాడు. “అరబ్బు రాజు హెలికాప్టరేసుకుని లంబసింగి మంచులో దిగిపోనాడు. గజగజ వొణుకుతా, సగం రాజ్యం రాసిస్తాను, ఆ పేరిమ్మని కాళ్లు పట్టీసుకున్నాడు. లెమ్మని నా దుప్పటి కప్పినాను. మద్దిమనిషి లేందే బేరం లేదని మాత్రం ఖండితంగా సెప్పీసినాను. పేరు తాళం అంకెలు మాయమ్మకైనా సెప్పనన్నాను. ఇంక గడువంటారా, ఏటేటా డబ్బు కట్టకపోతే పేరు సెయ్యి జారిపోతాది. ఏ దేశంలో ఏ పేరు గడువు తీరిపోతన్నా ముందురోజే నా ముక్కుకి వాసనొస్తాది. గడువు దాటిన పేరు కోసం గద్దలు కాసుక్కూసుంతాయి. నా సేతిలో ఇంతవరకు ఒక్క పేరూ దాటలేదు!”

“మరి మా పేరేదీ బాబూ?” అంది ముత్యాలమ్మ.

వరహాలరావు బల్ల వైపు చూశాడు. చుట్టూ పదిమంది. అరబ్బు రాజు చేత కాళ్లు పట్టించుకున్న మనిషి, తెలీదని ఎలా అంటాడు?

“మీదా? నానే అమ్మీసినానప్పా. సెప్దారనుకుంటన్నాను. విదేశీ కంపెనీ. మంచి బేరం, మీకోసమే...”

ఎవరూ నవ్వలేదు. ముత్యాలమ్మ మాత్రం కోప్పడలేదు సరిగదా, బల్ల మీద ముందుకి జరిగింది. ఆమె ముఖంలో కాస్త వెలుగు కూడా వచ్చింది.

“అమ్మీసినావా? మంచిది బాబూ. కొన్నోడు ఎవడో సెప్పు. కాయితం ఉంతాది గదా, అన్నీ కాయితం మీదే అన్నావు. మద్దిమనిషి ఎవరు? డబ్బు మాకొద్దు, నువ్వే ఉంచుకో. బేగి వాడికి ఫోను సెయ్యి. ఆడి కాళ్లు పట్టుకునైనా ఎనక్కి అడుగుతాం.”

వరహాలరావు జేబులో చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

“సెయ్యి బాబూ,” అన్నాడు సోంబరు. తాళం వేసే గొంతు కాదది.

“లేడప్పా,” అన్నాడు వరహాలరావు. “ఎవుడూ లేడు. నాను అమ్మనేదు. నా జన్మలో ఒక్క పేరూ అమ్మనేదు. దీపావళికి ఫోను మార్చినాను. పాత నంబరు పోయింది, మెయిలు తెరుచుకోలేదు. గడువు మెసేజీలన్నీ దానికే వొచ్చుంతాయి. నాను సూడనేదు. ఎవుడో కాసుకుని ఎత్తుకుపోనాడు. ఎవుడో నాకూ తెల్దు.”

ముత్యాలమ్మ అతన్ని తిట్టలేదు. వీడు దొంగ అయ్యుండాలని దారంతా మొక్కుకుంటూ వచ్చింది. దొంగయితే నిలదీయొచ్చు, పంచాయితీ పెట్టొచ్చు, ఏడ్చి అడగొచ్చు. ఈ మనిషి చేతిలో తిరిగి ఇవ్వడానికి ఏమీ లేదు.

లేచి చీర చెంగు దులుపుకుంది.

“ఇన్నేళ్లు ఇన్ని కోతలు కోసినావు బాబూ,” అంది. “ఆ అమ్మీసిన మాటొక్కటైనా నిజమైతే మా ఊరు బతికిపోయేది.”