టోర్కెల్ పీపాకి బిరడా

పశ్చిమ నార్వేలో ఫ్యోర్డు అనే సముద్రపు పాయ ఒడ్డున, బీరు కాచే రాతికొట్టం. లోపల ఇద్దరే ఉన్నారు: ఇంటాయన టోర్కెల్, చనిపోయిన భార్యకి చెల్లెలైన గూరి.

"కదలకు బావా. నువ్వు కదిలినప్పుడల్లా కారుతోంది."

"నేను కదల్లేదు, అదే కదులుతోంది. ఇటు చూడు గూరీ, కుళాయి కుళాయంతా ఊడి నా చేతిలోకి వచ్చేస్తోంది."

"చూస్తున్నా. నొక్కి పట్టుకో."

"నొక్కే ఉన్నా. రెండు చేతులూ పెట్టా, మోకాలు కూడా పెట్టా. ఇంకేం పెట్టమంటావు, తలకాయా?"

"అదెలాగూ ఖాళీగానే ఉందిగా."

"నీకు నవ్వులాటగా ఉంది. క్రిస్మస్ బీరు మొత్తం నా అరచేతుల మీద ఆగి ఉంది. వదిలానంటే వరదే."

"వదలకు మరి. అసలు నీకెందుకయ్యా ఈ కొత్త పోకడలు? మీ నాన్న చెక్కపీపాకి అడుగున చిల్లు, దాంట్లో నిలువుకర్ర. కర్ర కాస్త ఎత్తితే నానిన మొలకధాన్యం రసం దిగేది, దించితే ఆగేది. నువ్వు పాత పాలట్యాంకు తెచ్చావు, పక్కన చిల్లు పొడిచావు, స్టీలు కుళాయి బిగించావు. పోయినేడు వాషరు కరిగి బీరంతా చెప్పుల వాసన. అంతకు ముందేడు గొట్టం ఊడిపోయి ఆ తీపిరసమంతా గొర్రెలు తాగి, వారం రోజులు పొట్టలుబ్బి పడున్నాయి."

"ఈసారి అలాంటిదేం లేదు. మంచి వాషరు వేశా. లోపలివైపు ఇత్తడి నట్టు. పొద్దున నా చేత్తో నేనే బిగించా. చన్నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు."

"మరి ఇప్పుడెందుకు ఊడుతోంది?"

"ఏమో. అదంతా ఇప్పుడెందుకు."

"పైనుంచి చెయ్యి పెట్టి నట్టు బిగించనా?"

"వద్దు. లోపల మరిగే నీళ్ళు పోశా, చెయ్యి ఉడికిపోతుంది. పీపా దగ్గరికే రాకు. పక్కింటి అస్లాక్‌ని పిలువు, బయట వ్యానులోనే ఉన్నాడుగా."

"ఉన్నాడు, నా పెట్టెలు ఎక్కించుకుని. బెర్గెన్ పడవకి టైమవుతోందని గొణుగుతున్నాడు."

"ఒక్కసారి లోపలికి రమ్మను."

"ఎలా వస్తాడు? బీరు కాచేటప్పుడు ఇంటివాళ్ళే కొట్టంలో ఉండాలి, పరాయి కాలు గడప దాటితే ఈస్టు చస్తుందని మీ నాన్న చెప్పి చెప్పి పోయాడు. నువ్వు ఏనాడైనా అస్లాక్‌ని రానిచ్చావా?"

"ఇవాళొక్కరోజు దాటితే ఏం కాదులే. నువ్వు దాటలేదా?"

"నేనా?"

"అంటే... ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి. నేను పరాయిదాన్నా?"

"గూరీ, ఆ మూల బిర్చి కట్టెలున్నాయి చూడు. ఒకటి తీసి బిరడా చెక్కు. బొటనవేలంత లావు. కుళాయి లాగేసి, చిల్లులో దాన్ని కొట్టేద్దాం."

"మాట మార్చావు."

"మార్చలేదు. బిరడా అడిగా."

"సరే, చెక్కుతా. కత్తేదీ? ఆఁ, ఉంది. చెక్కుతూ అడుగుతా. నేను పరాయిదాన్నా?"

"తొందరగా చెక్కు. వేలు కాలుతోంది."

"తొందరపడితే వంకర పోతుంది. నీ చిల్లే వంకర, దానికి నా బిరడా కూడా వంకరైతే ఇక చూడక్కర్లేదు."

"గూరీ గారూ, బయట్నుంచే పిలుస్తున్నా. పడవ అవతలి రేవు దాటింది. వచ్చేస్తోంది."

"వస్తున్నా అస్లాక్. లోపల బిరడా చెక్కుతున్నా."

"బిరడా ఏంటి? టోర్కెల్ ఏం చేస్తున్నాడు?"

"పీపాని కౌగిలించుకుని కూర్చున్నాడు. నువ్వు గడప దాటకు."

"నేనెందుకు దాటుతానండీ, మా నాన్న ఓసారి దాటితే ఈస్టు చచ్చిందని ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ పడవ ఎవరికోసం ఆగదు, చెప్తున్నా."

"విన్నావుగా బావా. పడవ ఆగదట."

"అందుకే తొందరగా చెక్కమంటున్నా. నువ్వు పడవ తప్పిపోతావు."

"చూడు. ఎప్పుడు మన సంగతెత్తినా నీకు గొర్రెలు గుర్తొస్తాయి. లేకపోతే కొండమీద కంచె గుర్తొస్తుంది, నీ చేపల పడవకి తారు పూయాలని గుర్తొస్తుంది. టోపీ పెట్టుకుని చక్కా పోతావు. ఇవాళ గొర్రెలు దొడ్లో ఉన్నాయి, కంచె మంచు కింద ఉంది, నీ పడవ ఒడ్డున బోర్లించి ఉంది. నీ చేతులు రెండూ అక్కడ ఉన్నాయి. ఇవాళ అడుగుతా. నన్ను వెళ్ళమంటావా, వద్దంటావా?"

"అది నీ ఇష్టం. నేనెవర్ని చెప్పడానికి."

"నా ఇష్టం నాకు తెలుసు. నీది అడిగా."

"కారుతోంది గూరీ."

"కారనీ, కింద గిన్నె పెట్టా."

"బెర్గెన్‌లో నీకు బాగుంటుంది. మీ పిన్ని కూతురు బేకరీలో పని చూసింది, ఉండటానికి గది చూసింది. ఇక్కడేముంది? వాన, గొర్రెలు, నేను."

"వానకి అలవాటు పడ్డా. గొర్రెలకీ అలవాటు పడ్డా."

"బిరడా అయిందా?"

"ఇంకా లావుంది. ఊళ్ళో వాళ్ళకి భయపడుతున్నావా?"

"భయం కాదు. అక్క పక్క చల్లారకముందే చెల్లెల్ని తెచ్చుకున్నాడంటారు."

"చల్లారి ఆరేళ్ళయింది బావా. ఆ అనేవాళ్ళంతా ఆదివారం నీ ఇంట్లో నేను వండిన మాంసం తిని, మూతి తుడుచుకుని పోయినవాళ్ళే. ఇంకోటి చెప్పు."

"ఇంకోటి లేదు."

"ఉంది. నీ మొహం చూస్తే తెలుస్తోంది. పోనీ అటు తిరిగి చెప్పు."

"ఎటు తిరగను, తిరిగే వీలుందా నాకు? నిలబడలేను, కూర్చోలేను. ముక్కు దురద పెడుతోంది, గోక్కోలేను."

"నేను గోకుతా. అది చెప్పేసెయ్."

"...నువ్వు మీ అక్క కోసం వస్తున్నావనుకున్నా."

"ఏంటి?"

"మీ అక్క ఇంగెర్ ఇల్లు పాడుపడకూడదని వస్తున్నావు, ఆవిడ పూలకుండీలకి నీళ్ళు పోయడానికి వస్తున్నావు, మధ్యలో నాకింత తిండి పెట్టి పోతున్నావు అనుకున్నా. అలాంటిదాన్ని ఉండిపో అని ఎలా అడగను? జాలిపడి ఉండిపోతావని భయం. జాలిపడి ఉన్న మనిషి మొహం రోజూ పొద్దున్నే చూడాలి. నావల్ల కాదు గూరీ, అంతకంటే ఒక్కణ్ణే ఉండటం నయం."

"మొదటి ఏడాది అక్క కోసమే వచ్చా. నిజం. ఆ పూలమొక్కలు రెండో ఏడే చచ్చిపోయాయి, నువ్వు చూశావా?"

"లేదు."

"ఖాళీ కుండీలకి నీళ్ళు పోయడానికి ఇన్నేళ్ళు ఎవరైనా వస్తారా, మొద్దు మనిషీ?"

"బిరడా..."

"చెక్కుతున్నా. అక్క పోయాక నువ్వు ఈస్టు పోసేటప్పుడు అరవడం మానేశావు, తెలుసా? అరిస్తేనే బీరుకి ఘాటొస్తుందని మీ వంశంలో ఈస్టు దగ్గర గట్టిగా అరవని మగాడు లేడు. నువ్వు దాని చెవిలో రహస్యం చెప్పినట్టు గొణుగుతావు. బీరు చప్పగా రాక ఏమవుతుంది? అస్లాక్ తాగి, ఇది పీపా కడిగిన నీళ్ళా అన్నాడు."

"అన్నాడా?"

"అన్నాను టోర్కెల్. కోపం తెచ్చుకోకు. గూరీ గారూ, పడవ మలుపు తిరిగింది. పెట్టెలు పడవెక్కించాలంటే ఇప్పుడే బయల్దేరాలి."

"విన్నావా బావా. బిరడా అయిపోయింది. ఇదిగో, సరిగ్గా నీ చిల్లంత ఉంది. కొట్టి వెళ్ళిపోనా?"

"ఆగు."

"ఎందుకాగాలి?"

"ఉండిపో."

"వినబడలేదు."

"ఉండిపో అన్నా."

"నాకు వినబడితే చాలదు. ఈస్టు దగ్గర మీ నాన్న అరిచినట్టు అరిచి చెప్పు. పెట్టెలు వ్యానులో ఉన్నాయి, అక్కడిదాకా వినబడాలి."

"గూరీ, నాకు యాభై ఎనిమిదేళ్ళు. నన్ను ఇలా..."

"పడవ మలుపు తిరిగింది బావా."

"ఉండిపో గూరీ! జాలితో కాదు, పూలకుండీల కోసం కాదు, నా కోసం ఉండిపో!"

"నాకు వినబడిందండోయ్. అవతలి ఒడ్డు వాళ్ళకి కూడా వినబడి ఉంటుంది. పెట్టెలు ఇక్కడే దించి పోనా గూరీ గారూ?"

"దించెయ్ అస్లాక్. వానలో కాదు, లోపల వసారాలో."

"గూరీ, చెయ్యి మంట."

"వస్తున్నా. సుత్తి పట్టుకున్నా. నేను లాగెయ్ అనగానే కుళాయి లాగేసి పక్కకి జరుగు. లాగెయ్."

"అబ్బా..."

"కాలిందా? జరుగు, ఇంకో దెబ్బ. ఆఁ. ఆగిందా?"

"ఆగింది. చుక్క కారట్లేదు. నీ బిరడా బాగా కుదిరింది."

"చొక్కా అంతా తడిసింది నీకు. చేతులేవీ, చూడనీ. చన్నీళ్ళలో పెట్టు. అలా. చేతులు ఖాళీ అయ్యాయిగా, ఇక టోపీ పెట్టుకుని పారిపోవా?"

"ఎక్కడికి? గొర్రెలు దొడ్లోనే ఉన్నాయన్నావుగా."

"బావా, ఒక మాట చెప్తా. కోప్పడకూడదు."

"చెప్పు."

"నట్టు దానంతట అది ఊడలేదు. పొద్దున రసం వడకట్టడానికి పీపా అడుగున జునిపర్ చెట్టు కొమ్మలు పరవమన్నావు చూడు, అప్పుడు విప్పేశా. ఇదిగో, జేబులోనే ఉంది. ఎలాగూ వెళ్ళిపోతున్నా, ఒక్కసారైనా నువ్వు నా ముందు కదలకుండా కూర్చోవాలనిపించింది. చెయ్యి కాలుతుందనుకోలేదు. తిట్టు, పడతా."

"ఆ నట్టు అలమర మీద పెట్టు. పోగొట్టకు."

"కోపం రాలేదా?"

"వేడినీళ్ళు పోసేముందు కొమ్మల కింద చెయ్యి పెట్టి చూశా గూరీ. నట్టు లేదు. కిటికీలోంచి చూస్తే అస్లాక్ నీ పెట్టెలు ఎక్కిస్తున్నాడు. అందుకే పోసేశా."