తాఖీదు చదివి వినిపించిన అధికారి

1988 సెప్టెంబరు 12వ తేదీన చేవెళ్లలో జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగంలో చేరిన శ్రీ కృపాకర్ గారు, ముప్పై ఏడేళ్ల నిరంతర సేవానంతరం, మండల పంచాయతీ అధికారిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చిన్న మంగళారం గ్రామానికి చెందిన రైతుకూలీ మారయ్య గారి కుమారులైన వారు తొలిరోజు బస్సు తప్పి ఆలస్యంగా వచ్చారట. ఆ తర్వాత ఆలస్యమెరుగరు, సెలవు అసలే ఎరుగరు.

గ్రామ పంచాయతీ చట్టాన్ని మీరితే తాఖీదు అందజేయడం, గడువు దాటితే సర్పంచుపై చర్యకు నివేదిక పంపడం వారి విధి. ఎవరికీ ఇష్టం లేని ఆ పనికి వారు ఒక మర్యాద తెచ్చారు. తలుపుకు కాగితం అంటించి రావడం వారికి చేతకాదు. సర్పంచు వాకిట్లో కూర్చుని, తాఖీదును వాడుక మాటల్లో చదివి వినిపించి, ఆ ఇంటి మంచినీళ్లు తాగి, ఆపైనే సంతకం తీసుకునేవారు.

2023లో ఆ మర్యాదే వారికి శిక్ష అయింది. ఒక గ్రామంలో ఫామ్‌హౌస్ యజమాని వాగుకు అడ్డంగా ప్రహరీ కట్టాడు. దాన్ని తొలగించలేదని సర్పంచు ప్రేమమ్మ గారిని పదవి నుంచి సస్పెండ్ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. కృపాకర్ గారు చదివి వినిపించారు.

ఆమె నింపాదిగా అడిగారు: "పోలీసోళ్లను తోడియ్యుండ్రి, గోడ కూలగొడత అని మీకే మూడు కాయితాలు రాసిన గద సార్. అవి పైకి పంపిండ్రా?"

"పంపలే అవ్వ. ఫారంల 'తొలగించారా' అని ఒక్కటే గడి ఉన్నది. 'లేదు' అని రాసిన."

గడి లేకుంటే కాగితం జతచేయకూడదని ఎవరూ చెప్పలేదు. ముప్పై ఐదేళ్లు ఫారాలు నింపిన చేతికి ఆ ఆలోచన రాలేదు, అంతే. ప్రేమమ్మ గారు సంతకం చేసి, ఎప్పటిలాగే చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టారు. ఆ నీళ్లు తాగే అర్హత తమకు లేదనిపించిందని కృపాకర్ గారు మాతో ఎన్నోసార్లు అన్నారు.

మర్నాడే తమ పొరపాటును ఒప్పుకుంటూ, ఆ మూడు ఉత్తరాలు జతపరచి పైఅధికారులకు రాశారు. సర్పంచుల పదవీకాలం ముగిశాక జవాబు వచ్చింది: ఇక చర్య అవసరం లేదు. ప్రభుత్వ బలమంతా గుడిసెలాంటి పంచాయతీ మీద పడింది. ప్రహరీ మీద ఒక్క గడ్డపార దెబ్బ పడలేదు. ఇది తలచుకుంటే మాకు సిగ్గుగా ఉంటుంది.

ఈ అభినందన సంచికలో ఇదెందుకని సింధుజ గారి వంటి సహోద్యోగులు సందేహించారు. "అది లేకుంటే నా గురించి రాయకుండ్రి" అన్నారు కృపాకర్ గారు.

పోయిన ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక వారు స్వయంగా వెళ్లి ప్రేమమ్మ గారిని వీడ్కోలు సభకు పిలిచారు.

"నేను రాను సార్. ఆ ఆఫీసు మెట్లు ఎక్కబుద్ధి గాదు," అన్నారామె. "దేవుడు మీకు ఆయుష్షు ఇయ్యాలె. గా గోడ కూలంగ మీరు కండ్లార సూడాలె."

వారికీ, వారి సతీమణి ఆశా గారికీ భగవంతుడు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, ప్రశాంత జీవనాన్నీ ప్రసాదించాలని మనసారా కోరుకుంటున్నాము. ఇక ఆయుష్షు మాటంటారా, ప్రేమమ్మ గారు కోరినంత చాలు. ఆ గోడ తీరు చూస్తే, వారు నిండు నూరేళ్లకు పైగానే ఉండవలసి వస్తుంది.